నిండు మొగం

"నాలుగు బొక్కలకు నాలుగు దినాలు పండుకుంటే ఎట్లమ్మీ? నా కాన్పులకు కూడా నేను ఇన్ని దినాలు పండుకోలేదు."

రామసుబ్బమ్మ ఆ మాట కోపంగా అనలేదు. కోడలిని రాట్నం ముందు కూర్చోబెట్టి, పట్టునూలు ఒడిలో వేసి, కండెలు చుట్టమని చెబుతూ మామూలుగా అంది. ఇంతకుముందే పక్కింటి అక్కమ్మ వచ్చి, చీర కుచ్చిళ్లు కొంచెం దించి, ఆపరేషన్ కుట్లు చూసి, "ఇంతేనా! దోమ కుట్టినట్టు ఉండాది. దీనికా మీ ఆయన వారం నుంచి అనంతపురానికి తిరిగింది?" అని నవ్వి పోయింది. సువర్ణ కూడా నవ్వింది. కుట్లు లాగాయి. రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

రాట్నం తిరుగుతోంది. దారం కండెకు ఎక్కుతోంది. సువర్ణ మటుకు ఒక్కటే ఆలోచిస్తోంది. ఈ ఇంట్లో నా ఒంట్లోకి ఏదో పోతోంది. ఎవరు పోస్తున్నారు?

అది ఆమెకు వచ్చిన అనుమానం కాదు. డాక్టరు ఇచ్చిన అనుమానం. రవికలో చిన్న పర్సు, పర్సులో నాలుగు మడతల కాగితం, కాగితం మీద మత్తు డాక్టరమ్మ రేఖ ఫోన్ నంబరు. ఆ కాగితం సంగతి నాగేశ్వరకు తెలియదు. పదిహేనేళ్ల కాపురంలో భర్తకు చెప్పకుండా ఆమె దాచుకున్న మొదటి వస్తువు అదే.

ఆపరేషన్ బల్ల మీద ఏం జరిగిందో సువర్ణకు గుర్తు లేదు. మరుసటి రోజు రేఖ వచ్చి మంచం పక్కన నిలబడి చెప్పింది. పిత్తాశయంలో రాళ్లు, కెమెరా పెట్టి తీసే ఆపరేషన్, రోజుకు రెండు మూడు చేస్తారు, భయపడాల్సింది ఏమీ లేదు. కడుపులోకి గాలి నింపారు, గొట్టాలు దించారు, అంతా సవ్యంగానే ఉంది. ఉన్నట్టుండి బీపీ పడిపోయింది. రక్తం పోలేదు. గుండెకు ఏమీ కాలేదు. సెలైన్ ఎక్కించినా లేవలేదు. మందు ఇచ్చినా లేవలేదు. చివరికి వేరే ఏదో అనుమానం వచ్చి ఒక ఇంజెక్షన్ ఇస్తే అప్పుడు లేచింది. ఆ ఇంజెక్షన్‌కు ముందు తీసిన రక్తం ల్యాబుకు పంపారు. రిపోర్టు చూసి రేఖ నేరుగా ఈ మంచం దగ్గరికి వచ్చింది.

"బయటికి నాలుగు చిన్న రంధ్రాలే. ఒంటికి ఆ సంగతి తెలియదు సువర్ణా. కోత చిన్నదా పెద్దదా అని టేపు పెట్టి కొలవదు. నా మీద ఎవరో పడ్డారనే అనుకుంటుంది. మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. అవి వెంటనే ఒక హార్మోన్ వదులుతాయి. బీపీని నిలబెట్టేది, చక్కెరను రక్తంలోకి తెచ్చేది, మనిషిని బతికించేది అదే. కోత చిన్నదైతే ఆ కేక కొంచెం చిన్నగా ఉండొచ్చు. కేక మటుకు వేయాలి. నీ ఒళ్లు అసలు నోరే తెరవలేదు. ఆ హార్మోన్ దాదాపు సున్నా. ఎందుకు?"

రేఖ తన ప్రశ్నకు తానే జవాబు చెప్పింది.

"బయటి నుంచి అలాంటి మందే చాలా ఏళ్లు పోతుంటే గ్రంథులు నిద్రపోతాయి. స్టెరాయిడ్ అంటారు. నొప్పులకు, ఆయాసానికి వాడతారు. నాటు మందుల్లో చెప్పకుండా కలుపుతారు కూడా. నువ్వు ఏం తింటున్నావు?"

"మా ఇంటిది తలనొప్పి మాత్ర కూడా మింగదు మేడం," అన్నాడు నాగేశ్వర. సువర్ణ నోరు తెరవకముందే అన్నాడు. ఆ తర్వాత టీ తాగి వస్తానని బయటికి పోయాడు.

అప్పుడు ఆ తొందర ఆమెకు తొందరగా అనిపించలేదు. ఎక్కడికి పోయినా ఆమె తరఫున జవాబు చెప్పేది ఆయనే. బ్యాంకులో, రేషన్ కార్డు దగ్గర, కూతురు హేమ బడిలో. ఆపరేషన్ కాగితాల మీద కూడా ముందు ఆయన సంతకం పెట్టి, తర్వాత వేలితో చూపించి, ఈడ పెట్టు అన్నాడు. కానీ రేఖ తలుపు వైపు చూసి, మళ్లీ సువర్ణ వైపు తిరిగి, రెండు వేళ్లతో ఆమె చెంప పట్టుకుని చూసింది. మెడ వెనక చెయ్యి పెట్టి, అక్కడ పెరిగిన కండను నొక్కింది. చెయ్యి ఎత్తి, మోచేతి కింద కమిలిన మచ్చలు చూసింది.

"ఈ ముఖం ఎప్పటి నుంచి ఇలా గుండ్రంగా ఉంది?"

సువర్ణకు సిగ్గుతో కూడిన గర్వం కలిగింది. "పెళ్లయినాక నిండింది మేడం. నేను ముందు బక్కపలుచన. మా అత్తగారింట్లో ఆడోళ్లందరికీ నిండు మొగమే. ఆ ఇంట్లో అడుగు పెట్టిన రెండేండ్లకు మొగం నిండకపోతే ఆ పిల్ల ఇల్లు పట్టలేదంటారు."

కాగితంలో రాసుకుంటున్న రేఖ పెన్ను ఆగిపోయింది.

"అందరికీనా?" అంది రేఖ.

ఆ ఒక్క ముక్క ఇప్పుడు రాట్నం చప్పుడులో వినబడుతోంది. అందరికీనా? అందరికీనా? ముఖం నిండటం, మెడ వెనక కండ, ఆ మచ్చలు అన్నీ ఆ మందు గుర్తులేనంది డాక్టరు. కొన్ని మాత్రలు రాసిచ్చింది. వీటిని ఒక్క పూట కూడా మానొద్దంది. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా వెంటనే ఫోన్ చేయమంది. నీకు తెలియకుండా పోతున్నది ఏదో కనిపెట్టమంది. ఎవరినీ అడగొద్దు, ముందు చూడు అంది. చూడమన్నది కదా, నిన్న ధర్మవరం బస్సు దిగినప్పటి నుంచి సువర్ణ చూస్తూనే ఉంది. నాగేశ్వర సంచి చూసింది. బీడీల కట్ట, చీరల డిజైను కాగితాలు, ఒక దువ్వెన. గూట్లో తలనొప్పి జండూబాం చూసింది. అక్కమ్మ ఇచ్చే మిరియాల కషాయం గుర్తు చేసుకుంది. అది సంవత్సరానికి రెండు సార్లు. తర్వాత ఇంకో దారిలో ఆలోచించింది. ఆయన తినకుండా నేను మాత్రమే తినేది ఏది? అన్నం ఒక్క గిన్నెలోదే. పప్పు, చట్నీ, ఊరగాయ ఒక్కటే. ఆయన తిన్నాక మిగిలింది తాను తింటుంది కాబట్టి ఆయన నోట్లోకి పోనిది తన నోట్లోకి పోయే అవకాశమే లేదు. ఈ ఇంట్లో ఆడదానికి వేరుగా వండేది ఏముంది? ఏమీ లేదు.

ఒక్కటి తప్ప. పొద్దున మగ్గం గుంతలోకి కాళ్లు దించే ముందు ఒక గ్లాసు రాగి జావ.

సువర్ణ చెయ్యి రాట్నం మీద ఆగింది. కాదు. అది కాదు. ఈ పదిహేనేళ్లలో ఈ ఇంట్లో తన కోసమని, తనకు మాత్రమే, చేతికి అందించినది ఆ గ్లాసు ఒక్కటే. పామిడిలో పుట్టింటికి పోయినప్పుడల్లా చెప్పుకునేది. మా అత్త నోరే గానీ మనసు మంచిది, జావ కలిపి చేతికిచ్చి, తాగేంత వరకు నిలబడుకోనుంటాది అని. హేమ పుట్టిన తర్వాత నడుము పట్టేసి, గుంతలో కూర్చోలేక ఏడ్చిన రోజుల్లో ఆ జావ మొదలైంది. వారం తిరక్కముందే నొప్పి పోయింది. దేవుడికి దండం పెట్టుకుంది. ఆ తర్వాత ఎన్ని చీరలు దించిందో లెక్క లేదు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం దాకా, బహిష్టు అయినా, జ్వరమైనా, మగ్గం ఆగలేదు. నాగేశ్వర పది మందిలో చెప్పేవాడు. "మా ఇంటిదానికి నొప్పి అంటే తెలీదన్నా, ఉక్కు మనిషి." ఆ మాటకు ఆమె లోపల లోపల మురిసిపోయేది.

పైగా ఆ జావ అత్త కూడా తాగుతుంది. అదే గిన్నె, రెండు గ్లాసులు. విషం కలిపేవాళ్లు తామే తాగుతారా? ఆ ఆలోచనతో గుండె కొంచెం కుదుటపడింది. అత్త వైపు చూసింది. రామసుబ్బమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. గుండ్రటి ముఖం, ఎర్రటి బుగ్గలు. మెడ వెనక మూపురంలా కండ. ఆ నిండు ముఖం కింద చేతులు చూస్తే ఎండుపుల్లలు. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా, ఊదాగా కమిలిన మచ్చలు. గాజు తగిలినా కమిలిపోతుంది, వయసు అని అంటుంటుంది. వయసు యాభై ఎనిమిది.

డాక్టరు తన ఒంటి మీద వెతికినవి అవే గుర్తులు.

"అత్తా, జావలో ఏమేస్తావు?"

"ఏముండాది? రాగిపిండి, మజ్జిగ, ఉప్పు. బలం పొడి."

"బలం పొడి ఏమిటిది?"

"అదే. డబ్బాలో ఉండాదే." రామసుబ్బమ్మ తల ఎత్తకుండానే గడ్డంతో వంటింటి వైపు చూపించింది. "మీ మామ ఉన్నప్పటి నుంచి తెస్తాండారు. గోరంట్ల అవతల ఏదో పల్లెలో ఒకాయన ఇస్తాడు. ఇప్పుడు మీ ఆయన తెస్తాడు. ఆడోళ్లకు బలం. మొగం నిండుతాది, నడుము పట్టదు. నా అత్త కూడా తాగింది."

దాచిందేమీ లేదు. పసుపు డబ్బాకు, ధనియాల డబ్బాకు మధ్య పదిహేనేళ్లుగా అక్కడే ఉంది. సువర్ణ ఎప్పుడూ అడగలేదు. తనకు ఎవరూ చెప్పలేదు. ఈ ఇంట్లో చాలా సంగతులు అలాగే జరుగుతాయి.

"మగోళ్లు తాగరా?"

"వాళ్లకు వేడి చేస్తాదంట." గింజలు పళ్లెంలో పడేసి, రామసుబ్బమ్మ ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "ఈ నాలుగు దినాలూ మన హేమకు కూడా అర చెంచా వేసినా. నువ్వు ఆసుపత్రిలో ఉంటే పాపే కదా బడి నుంచి వచ్చి కండెలు చుట్టింది. చేతులు నొప్పి అన్నింది. మరుసటి దినమే పోయింది చూడు! రెండేండ్లు పోనీ, దాని మొగం కూడా చంద్రబింబం అయితాది."

పదమూడేళ్ల పిల్ల. సువర్ణ లేచింది. ఎంత వేగంగా లేచిందంటే ఒడిలోని పట్టునూలు నేల మీద పడి చిక్కుపడింది.

"ఏమైందే? కుట్లు లాగినాయా?"

జవాబు చెప్పకుండా వంటింట్లోకి పోయి డబ్బా మూత తీసింది. బూడిద రంగు పొడి. శొంఠి వాసన. అంతే. ఇంత మామూలుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. చిటికెడు కాగితంలో కట్టి, పెరట్లోకి పోయి, జలదారి పక్కన నిలబడి, పర్సులోని నంబరుకు ఫోన్ చేసింది.

రేఖ అంతా విన్నది. హేమకు ఎన్ని రోజులు పోశారో రెండు సార్లు అడిగింది. "నాలుగు రోజులే కదా. ఇవాళ్టితో ఆపెయ్. పాపకు ఏమీ కాదు, సోమవారం ఒకసారి తీసుకొచ్చి చూపించు. నువ్వు నేనిచ్చిన మాత్రలే వేసుకో, పొడి ముట్టుకోవద్దు. మీ అత్తగారు ఎన్నేళ్లుగా తాగుతున్నారు?"

"ముప్పై ఏండ్లకు పైనే మేడం."

"ఆమెను మాన్పించొద్దు సువర్ణా. నా దగ్గరికి తెచ్చేదాకా ఒక్క పూట కూడా మానకూడదు. ఒక్కసారిగా మానితే, నీకు బల్ల మీద అయినది ఆమెకు ఇంట్లోనే అవుతుంది. అక్కడ పక్కన నేను ఉండను."

ఇప్పుడు మిగిలింది ఒక్క ప్రశ్న. ఆయనకు తెలుసా?

తెలియదనే అనుకోవాలని ఉంది ఆమెకు. ఆయనకూ బలం పొడి అనే చెప్పి ఉంటారు. తండ్రి తెచ్చాడు, కొడుకు తెచ్చాడు, అంతే అయి ఉంటుంది. కానీ వార్డులో ఆ తొందర? "తలనొప్పి మాత్ర కూడా మింగదు మేడం" అని నేల చూపులు చూసిన చూపు? అడిగితే చెప్పడు. అరుస్తాడు. అరుపు జవాబు కాదు. పదిహేనేళ్లు ఆయన అరుపులను జవాబులుగా తీసుకుంది. ఇక చాలు. అడగకుండా తెలుసుకోవాలి.

మరుసటి పొద్దున అత్తకంటే ముందు లేచి జావ కాచింది. మూడు గ్లాసులు. తన దాంట్లో మటుకు పొడి వేయలేదు. నాగేశ్వర మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తుంటే ఒక గ్లాసు చేతికిచ్చింది. హేమ అప్పటికే బడికి తయారై, పాలు తాగి, వాకిట్లో స్నేహితురాలి కోసం చూస్తోంది.

"ఏమిటిది? కాఫీ యాడ?"

"ఈ పొద్దు జావ తాగు బావా. దినామూ కాఫీ తాగితే నీకు మంట అంటాంటివి కదా."

గ్లాసు పెదాల దాకా పోయింది. ఆగింది. నాగేశ్వర వాసన చూశాడు.

"పొడి వేసినావా?"

సువర్ణ మామూలుగానే అంది. "వేసినా. బలం పొడే కదా."

గ్లాసు కింద పెట్టాడు. "నాకొద్దు. తీసుకపో."

"ఏమిటికి?"

"వద్దంటాంటే అర్థం కాదా?"

రామసుబ్బమ్మ పెరట్లోంచి ముఖం తుడుచుకుంటూ వచ్చింది. "ఏమప్పా పొద్దున్నే? తాగు నాగా. పిల్ల ప్రేమగా ఇస్తాంది. మీ నాయన తెచ్చిన మందే కదా."

"మగోళ్లకు పడదమ్మా."

"ఒక దినానికి ఏమైతాది? తాగు."

"ఎముకలు మెత్తపడతాయి, ఒళ్లు చెడతాది. నాయనే చెప్పినాడు తాగొద్దని. వదిలెయ్యి!"

మాట బయటపడ్డాక తెలిసింది నాగేశ్వరకు, ఏమన్నాడో. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ కింద పెట్టాడు. రామసుబ్బమ్మ చేతిలోని తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"మగోళ్లకు పడదని మీ నాయన చెప్పినాడు సరే," అంది ఆమె నిదానంగా. "ఆడోళ్లకు పడుతాదని ఎవరు చెప్పినారు?"

నాగేశ్వర చొక్కా కోసం చుట్టూ చూశాడు.

"నన్ను ఆపరేషన్ బల్ల మీది నుంచి ఎత్తుకొచ్చినాక డాక్టరమ్మ అడిగింది," అంది సువర్ణ. "ఏం మందు అని. అప్పుడు నీకు తెలుసు."

"తెలిస్తే? చెప్పమంటావా? ఆ ముసలాయన్ను పోలీసులు పట్టుకపోతారు, మనల్ని స్టేషన్ చుట్టూ తిప్పుతారు." గొంతు పెంచాడు. "అయినా ఏం చెడిందని? నడుము నొప్పి అని ఏడిస్తివి, పోయిందా లేదా? అప్పటి నుంచి ఒక్క దినమన్నా మగ్గం ఆగిందా? నొప్పి లేకుండా చేస్తే అది కూడా మొగుని తప్పేనా?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. అదే ఆమెను అన్నిటికంటే భయపెట్టింది. ఇన్నాళ్లూ దొంగను వెతికినట్టు వెతికింది. ఇక్కడ దొంగ లేడు. మగ్గానికి నూనె వేసినట్టు ఈమెకు పొడి వేశాడు. కీచుమనకుండా తిరిగితే చాలు. ఉక్కు మనిషి అన్న మాటకు తాను మురిసిన రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చనిపోయే దాకా వచ్చినప్పుడు కూడా నా ఒళ్లు అరవలేదు. అరవకూడదని నేర్పించింది వీళ్లే, నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకున్నది నేనే.

నాగేశ్వర చొక్కా తగిలించుకుని వీధిలోకి పోయాడు. స్కూటర్ చప్పుడు దూరమైంది.

రామసుబ్బమ్మ వంటింట్లోకి పోయింది. డబ్బా తీసింది. మూత లాగింది. "ముప్పై ఏండ్లు," అంది. "నా చేత్తో నేను తాగి, నా చేత్తో నీకు పోసినానే! నా చేత్తో పాపకు..." డబ్బా ఎత్తి పెరట్లోకి విసరబోయింది.

సువర్ణ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దత్తా. నువ్వు మానకూడదు."

"పిచ్చి పట్టిందా నీకు?"

"సోమవారం దాకా నువ్వు తాగల్ల. ఉన్నట్టుండి మానితే పానానికే మోసమంట. డాక్టరమ్మ చెప్పింది." పొడి కలిపిన జావ గ్లాసు తీసి అత్త చేతిలో పెట్టింది. అందులో ఏముందో ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. ఇచ్చేది కోడలు, తాగాల్సింది అత్త. తాను మటుకు నిలబడి చూడాలి, చివరి గుక్క దాకా.

రామసుబ్బమ్మ గ్లాసును చాలాసేపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుని తాగింది. కళ్లు తెరవకుండానే అంది. "నాకు మొగం నిండినప్పుడు మా అమ్మ దిష్టి తీసింది సువర్ణా."

సోమవారం ముగ్గురూ బస్సులో అనంతపురం పోయారు. సువర్ణ, రామసుబ్బమ్మ, మధ్యలో హేమ. నాగేశ్వరకు చెప్పి పోయారు, అడిగి పోలేదు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, బేస్తవారానికి దించాలని ఆయన గుర్తు చేశాడు. అయినా బస్సెక్కారు. హేమకు రక్తం తీశారు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది, అంతా బాగుంది. ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని మైసూర్ పాక్ తింటుంటే సువర్ణ ఆ సన్నటి, కోల ముఖాన్ని చూసి చూసి తనివి తీరలేదు.

రేఖ రామసుబ్బమ్మను చూసింది. పొడి బదులు మాత్రలు రాసింది. ఎముకల పరీక్ష చేయించాలంది. తర్వాత ఎదురుగా కూర్చుని అడిగింది. "ఎక్కడెక్కడ నొప్పులు ఉండేవమ్మా మీకు?"

రామసుబ్బమ్మ కోడలి వైపు చూసింది. మళ్లీ డాక్టరు వైపు చూసింది. "ఎవరూ అడగలేదు మేడం," అంది. "యాడ నుంచి చెప్పల్ల?"

రేఖ పెన్ను పక్కన పెట్టి, మొదటి నుంచి చెప్పమంది. చాలాసేపు విన్నది. ఆ తర్వాత సువర్ణ కాగితాలు దగ్గరికి లాక్కుంది.

"నీవి నిద్రపోతున్న గ్రంథులు. లేస్తాయి గానీ నెలలు పడుతుంది. మాత్ర కొంచెం కొంచెం తగ్గిస్తూ పోవాలి. తగ్గించే కొద్దీ, ఇన్నేళ్లూ అణిగి ఉన్న నొప్పులన్నీ వరసగా పైకి వస్తాయి. నడుము, మెడ, మోకాళ్లు. అది మంచిదే, ఒళ్లు మేలుకుంటోందని గుర్తు. కానీ కష్టంగా ఉంటుంది. ఓర్చుకోగలవా?"

ఓర్చుకుంటాను మేడం. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఎవరు ఏం అడిగినా ఆమె చెప్పిన జవాబు అదే. పక్కన అత్త కూడా ఆ జవాబు కోసమే చూస్తోంది. సువర్ణ ఆ మాటను మింగేసింది.

"ఓర్చుకోను మేడం," అంది. "నొప్పి పుడితే మగ్గం దిగుతాను."